ఏడా, ఎనిమిదా, తొమ్మిదా?

“ఏడో నెలండీ,” అన్నాడు భర్త.

“ఏడో నెలట, నీ మొహం! తొమ్మిది నిండొస్తున్నాయి దానికి,” అంది అత్తగారు.

“మరి స్కాన్ తీసిన డాక్టరమ్మ ఎనిమిది దాటిందని చెప్పింది కదమ్మా?” అన్నాడతను మళ్ళీ, తన మాట మీద తనకే నమ్మకం లేనట్టు.

వాళ్ళింటి ముందుగదిలో కూర్చున్న గుబులమ్మ పెన్సిలు కింద పెట్టేసింది. కాగితం మీద మూడు అంకెలున్నాయి, మూడూ కొట్టేసి ఉన్నాయి. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లోంచి మాయమై ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోతే, కట్టుకున్నవాడూ అతని కన్నతల్లీ కలిసి ఆ పిల్లకి ఎన్నో నెలో తేల్చలేకపోతున్నారు.

గుబులమ్మ అసలు పేరు ఆమె ఆఫీసు బోర్డు మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఈ పేరు స్టేషన్‌లో పోలీసులు పెట్టింది. పాలు పొంగితే ఇల్లు తగలబడిందనుకునే మనిషి డిటెక్టివ్ ఏమిటని మొదట్లో నవ్వుకున్నారు. ఆమె పద్ధతి మాత్రం మారలేదు. ఏ కేసు వచ్చినా అన్నిటికన్నా చెడ్డది ముందు ఊహిస్తుంది, అది కాదని రుజువయ్యేదాకా నిద్రపోదు. పెళ్ళయి పిల్లలున్న కొడుకు ఇప్పటికీ సాయంత్రం ఫోను చెయ్యకపోతే ఆసుపత్రులకి ఫోన్లు కొట్టే తల్లి ఆమె.

ఇవాళ ఊహించుకోవడానికి చెడ్డవి రెండున్నాయి. నెలలు నిండి ఉంటే ఆ పిల్ల నొప్పులు పట్టుకుని ఏ దారిలోనో పడిపోయి ఉండాలి, అప్పుడు వెతకాల్సింది ఆసుపత్రులు. నిండకపోతే ఆమె వెళ్ళింది కాన్పు కోసం కాదు. అప్పుడు ఎక్కడ వెతకాలో దేవుడికే తెలియాలి. రెండింటిలో ఏదైనా ఆలస్యం పనికిరాదు. ఆ పిల్లకి బీపీ ఉంది. రెండు పూటలా వేసుకోవాల్సిన మాత్రల డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. పాదాలు ఉబ్బి, తల పగిలేట్టు నొప్పి వచ్చి, కళ్ళ ముందు మెరుపులు కనపడితే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పేనని డాక్టరమ్మ మరీ మరీ చెప్పిందట.

“బాబూ, ముందు నువ్వు చెప్పు. ఏడు ఎలా వచ్చింది?”

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. గోళ్ళలో గ్రీజు పోలేదు. వేళ్ళు ముడిచి లెక్కపెట్టాడు. “పరీక్ష చేసుకుంటే రెండు గీతలు పడ్డాయండీ. ఆ రోజు నుంచి మొదలెట్టాను.”

“అక్కడే తప్పింది. గీతలు కనపడేసరికే డాక్టర్లు నెలా నెలన్నర లెక్కేసేస్తారు. వాళ్ళు ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క మొదలెడతారు.”

“అప్పటికి కడుపే రాలేదు కదండీ!”

“రాలేదు.”

“రాకముందు నుంచే లెక్కా?”

“గర్భం నిలిచిన రోజు ఎవరికి కచ్చితంగా తెలుస్తుంది నాయనా? నెలసరి రోజైతే గుర్తుంటుందని. దానికి తొమ్మిది నెలలా ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ.”

“దానికి ఆ లెక్క పనికిరాదమ్మా,” అంది అత్తగారు. ఆవిడ దర్జీ. మాట్లాడుతూనే జాకెట్టుకి కొట్టిన గుండుసూదులు ఒక్కొక్కటే పీకి డబ్బాలో వేస్తోంది. “నెలసరి రెండేసి నెలలు రాదు, వస్తే ఆగదు. అందుకే నేను బిడ్డ కదిలిన రోజు పట్టుకున్నాను. తొలిచూలులో బిడ్డ కదలడం తెలిసేది ఇరవయ్యో వారం దగ్గర. అది కదిలిందని నాకు చెప్పి ఇప్పటికి పంతొమ్మిది వారాలు. ఇంక వారమే.”

“మీ చేతికి తెలిసిందా వదినగారూ?”

“అబ్బే, మొదట్లో తల్లికే తెలుస్తుంది కదా, సీతాకోకచిలుక రెక్కలాడించినట్టు. గ్యాసేమోనే అన్నాను. నవ్వింది. ‘కాదత్తయ్యా, నాకు తెలుసు’ అంది.”

గుబులమ్మ బుర్ర మరింత గజిబిజి అయింది. స్కాను ప్రకారం ఇంకా అయిదు వారాలుంది. అత్తగారి ప్రకారం వారం. రెండు లెక్కలూ శుభ్రంగానే ఉన్నాయి, రెండూ నిజం కావడానికి వీల్లేదు. ఒకే కడుపులో రెండు తేదీలు ఎలా ఇముడుతాయి?

“కడుపు దిగిందా?” అంది. “అంటే, ఊపిరి సులువుగా ఆడుతోందనీ, మాటిమాటికీ బాత్‌రూమ్‌కి వెళ్ళాల్సి వస్తోందనీ ఏమైనా చెప్పిందా?”

“లేదమ్మా. అదే నాకూ అర్థం కాలేదు. నాకు వీడు పుట్టడానికి మూడు వారాల ముందే దిగిపోయింది. దీనికింకా గుండెల కిందే ఉంది. రెండు ముద్దలు తింటే ఆయాసం.”

ఇంతలో తలుపు దగ్గర దగ్గు వినిపించింది.

“పురిటి లెక్కలు ముగిశాయా గుబులమ్మగారూ? ఉయ్యాల ఎక్కడ కొనాలో కూడా తేల్చేశారా?”

వచ్చినవాడు డేగ. అది అతను తన ఏజెన్సీకి పెట్టుకున్న పేరు. వయసులో గుబులమ్మ కొడుకు కన్నా చిన్నవాడు, ఇంట్లో కూడా నల్లద్దాలు తీయడు. మూడు కేసుల్లో ఆమెకు అడ్డం పడ్డాడు. ఒకదాంట్లో ఆమె కనిపెట్టింది తను కనిపెట్టినట్టు పేపర్లో వేయించుకున్నాడు.

“నిన్నెవరు పిలిచారు నాయనా?”

“అమ్మాయిగారి అన్నయ్య.”

అత్తగారి చేతిలో గుండుసూది ఆగిపోయింది. “దానికి అన్నయ్యేమిటి? ముందూ వెనకా ఎవరూ లేరనే కదా చెప్పింది?”

“చెప్పే ఉంటుంది లెండి,” అని డేగ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “అలిగి ఇంట్లోంచి వచ్చేసిన చెల్లెలు. పాపం, పెద్దాయన ఏళ్ళ తరబడి వెతుకుతున్నాడు. నేను నెల్లాళ్ళుగా ఆమె మీద కన్నేసి ఉంచాను. నిన్న మావాడు కునుకు తీసిన అరగంటలో జారిపోయింది.”

“డేగ కూడా కునుకు తీస్తుందన్నమాట.”

“అందుకే ఇవాళ వల వేశాను. కాన్పుల ఆసుపత్రులన్నిటి దగ్గరా మనుషులున్నారు. నెలలు నిండిన ఆడది ఎక్కడికి పోతుంది? కలుగు దగ్గర పిల్లిలా కూర్చుంటే చాలు. మీరు లెక్కలు వేసుకోండి, నేను తల్లీబిడ్డల్ని పట్టుకొస్తాను.”

“నెలలు నిండాయని నీకెవరు చెప్పారు?”

“ఈవిడే. మొన్న జాకెట్టు కొలతలకని మా అసిస్టెంటుని పంపాను లెండి.”

అత్తగారు అతన్ని చూసిన చూపుకి నల్లద్దాలు కూడా కరగాలి. “ఆ జాకెట్టు తీసుకెళ్ళనే లేదు ఆ పిల్ల! గుడ్డ దండగ!”

గుబులమ్మ లేచింది. మాటలతో తెగని ముడి, వస్తువులతో తెగుతుందేమో. “గది చూడాలి,” అంది.

చిన్న గది. ఒక మంచం, ఒక ఇనుప బీరువా, కిటికీ దగ్గర కాళ్ళు పెట్టుకునే పీట. మంచం మీద ఎడమవైపు మూడు దిండ్లు: వీపుకి ఒకటి, మోకాళ్ళ మధ్యకి ఒకటి, పొట్ట కిందకి ఒకటి. బరువు నెలల్లో వెల్లకిలా పడుకోకూడదని తెలిసిన ఏర్పాటది. దాన్ని బట్టి నెల తేలదు. గుబులమ్మ మంచం కిందకి వంగి చూసింది. చెప్పులు లేవు. గొళ్ళెం విరగలేదు, అద్దం పగల్లేదు. ఎవరో ఎత్తుకుపోయారన్న చెడ్డ ఊహ ఒకటి తగ్గింది. ఊపిరి పీల్చుకునేలోపే మాత్రల డబ్బా గుర్తొచ్చి ఇంకొకటి పుట్టింది. సాయంత్రానికి తిరిగొచ్చే పని మీద వెళ్ళినవాళ్ళే మాత్రలు వదిలి వెళ్తారు. మరి సాయంత్రం ఎందుకు రాలేదు?

బీరువా అడుగున ఆసుపత్రి సంచీ కనపడింది. డేగ గుమ్మంలో నిలబడి నవ్వాడు. “సంచీ వదిలేసి వెళ్ళిందంటే మీ కాన్పు కథ అయిపోయినట్టే కదా?”

“నీ ఆసుపత్రి వల కూడా అయిపోయినట్టే,” అంది గుబులమ్మ. అతని నవ్వు సగంలో ఆగింది.

సంచీ మంచం మీద గుమ్మరించింది. ముందువైపు గుండీలున్న ముదురురంగు నైటీలు నాలుగు. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు గుడ్డలు, మడతలు పెట్టి కట్ట కట్టినవి. బిడ్డని చుట్టడానికి రెండు తువ్వాళ్ళు. ఒక వదులు చెప్పుల జత. ఒక్క లేసు టోపీ లేదు, ఒక్క బొమ్మ లేదు.

గుబులమ్మకి తన మొదటి కాన్పు సంచీ గుర్తొచ్చింది. పౌడరు డబ్బా, చేతి అద్దం, బిడ్డకి ఆరు జతల మేజోళ్ళు పెట్టుకుని వెళ్ళింది. అక్కడ కావాల్సిన గుడ్డ ముక్క ఒక్కటి లేక తల్లి చీర చింపాల్సి వచ్చింది.

“ఇది మీరు సర్దారా వదినగారూ?”

“లేదమ్మా. నేను చెబుదామనుకునేలోపే సర్దేసుకుంది. బుద్ధిమంతురాలు.”

బుద్ధితో వచ్చే సర్దుడు కాదిది. మంచం పక్కనున్న ఇంకో సంచిలో కుట్టు మిగుళ్ళున్నాయి. పచ్చ పువ్వుల గుడ్డ పేలికలు. గుబులమ్మ వాటిలోంచి గుండ్రంగా కత్తిరించిన ముక్క ఒకటి తీసి అరచేతిలో పరిచింది.

“ఇదేమిటి?”

“మెడ ముక్క. గౌనుకి మెడ కత్తిరిస్తే మిగిలేది. పుట్టబోయే పిల్లకి కుడతానని నా దగ్గరే గుడ్డ తీసుకుంది.” అత్తగారు ముక్క అందుకుంది. అలవాటుగా బొటనవేలూ చూపుడువేలూ చాచి కొలిచింది. మళ్ళీ కొలిచింది. మొహంలో రంగు మారింది.

“ఏమైంది?”

“ఇది పసిపిల్ల మెడ కాదు. ఈ కన్నంలోంచి పసిపిల్ల మొత్తం జారిపోతుంది. ఇది… ఆరేళ్ళ పిల్ల మెడ.”

“ఆ గౌను ఏదీ?”

బీరువా అంతా వెతికారు. గౌను లేదు.

“ఎదిగాక వేద్దామని కుట్టి ఉంటుంది,” అన్నాడు భర్త. అలా కాకపోతే బాగుండదన్నట్టు అన్నాడు.

“ఆరేళ్ళ తర్వాత వెయ్యబోయే గౌను నిన్ననే తీసుకెళ్ళాలా బాబూ? స్కాన్ డాక్టరుకి ఫోను కలుపు. స్పీకర్ పెట్టు.”

డాక్టరమ్మ రోగుల మధ్యలో ఉంది. విషయం చెప్పగానే గొంతు మారింది. “ఇంకా రాలేదా? మాత్రలు లేకుండానా? మొదటి స్కాను నేనే చేశాను, మూడో నెలలో. అప్పుడు బిడ్డ పొడవు కొలిచి చెప్పే తేదీ నాలుగైదు రోజులకు మించి తప్పదు. మొదట్లో బిడ్డలందరూ దాదాపు ఒకేలా పెరుగుతారు. తర్వాత్తర్వాతే ఎవరి ఒడ్డూ పొడుగూ వాళ్ళది. ఇప్పుడు ముప్ఫై అయిదో వారం. అందులో అనుమానం లేదు.”

“అయితే అత్తగారు కదలికని బట్టి వేసిన లెక్క నాలుగు వారాలు తప్పింది,” అంది గుబులమ్మ. “అంటే ఆ పిల్లకి పదహారో వారంలోనే కదలడం తెలిసిపోయింది. తొలిచూలులో అంత ముందు తెలుస్తుందా?”

“అరుదు.”

“నాకు మొదటివాడు అయిదో నెల నడుస్తుండగా తెలిశాడు. రెండోది నాలుగో నెల నిండగానే తెలిసింది. ఆ కదలిక ఎలా ఉంటుందో ఒకసారి ఎరిగిన ఒళ్ళు కనుక గ్యాసని పొరపడలేదు.” ఆమె ఫోనుకి దగ్గరగా వంగింది. “తొలిచూలులో కడుపు వారాల ముందే దిగుతుంది. రెండోసారి చాలామందికి నొప్పులు వచ్చేదాకా దిగదు. డాక్టరమ్మా, ఈ పిల్లకి ఇది తొలిచూలేనా?”

ఫోన్‌లో రోగుల మాటలు ఆగి, తలుపు మూసుకున్న చప్పుడు వినపడింది.

“అది ఆ అమ్మాయి చెప్పాల్సిన మాటండీ. నేను చెప్పకూడదు. ముందు ఆమెని వెతకండి,” అని డాక్టరమ్మ పెట్టేసింది.

చెప్పకూడనిది ఒకటుందని చెప్పాక ఇంక మిగిలిందేముంది? భర్త మంచం అంచు మీద కూలబడ్డాడు. దిండు ఒకటి ఒళ్ళో పెట్టుకున్నాడు. “రెండేళ్ళు కాపురం చేశాను. ఒక్కసారి కూడా… నేనేం రాక్షసుణ్ణా, చెప్పకుండా దాచుకోవడానికి?”

అత్తగారు మెడ ముక్కని వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడిపోయింది. కోపం వస్తుందేమోనని గుబులమ్మ భయపడింది. ఆవిడ ముక్కు చీది, “వంకర కత్తిరించింది చూడు,” అంది. “నన్నడిగితే నేనే కుట్టిచ్చేదాన్ని కదా.”

డేగ ఒక్కడే చప్పట్లు కొట్టాడు. “భలే! పెళ్ళి కాకముందే బిడ్డ. అందుకే అన్నగారింట్లోంచి పారిపోయింది. నా కేసు ఇంకా గట్టిపడింది.”

“నోరు ముయ్యి. నీ లెక్కలో కాన్పుకి ఇంకా వారముంది. మరి ఇవాళే ఆసుపత్రుల దగ్గర మనుషుల్ని ఎందుకు కాపలా పెట్టావు?”

“మీకు తెలియదు లెండి. క్లయింటు గట్టిగా చెప్పాడు. ఆమెకి నొప్పులు మొదలైతే గంటలో తేలిపోతుంది, తెలిసి పరుగెత్తేసరికి అంతా అయిపోతుంది, అందుకే ముందే కాపలా కాయమన్నాడు.”

గుబులమ్మ అతనికేసి తిరిగింది. అంతవరకూ చిక్కుబడి ఉన్న దారాలన్నీ ఒక్కసారి బిగిశాయి, బిగిసి మెడకే చుట్టుకున్నాయి.

“గంటలోనా?”

“అలాగే అన్నాడు.”

“తొలికాన్పు ఒక పూటకి పైగా పడుతుందని ఎవర్నడిగినా చెబుతారు. గంటలో అయిపోతుందని తెలియాలంటే ఆ మొదటి కాన్పు జరిగిన రోజు ఆ గుమ్మంలో ఉండి ఉండాలి. పెళ్ళికాని చెల్లెలు బిడ్డని కంటుంటే ఆ మర్యాదస్తుడైన అన్నయ్య బయట గడియారం చూస్తూ నిలబడ్డాడా?”

డేగ నల్లద్దాలు తీశాడు. అద్దాలు లేకపోతే అతని కళ్ళు బడిలో దొరికిపోయిన పిల్లాడి కళ్ళలా ఉన్నాయి.

“అతను అన్నయ్య కాదంటారా?”

“ఆ పిల్ల తనకెవరూ లేరని ఎందుకు చెప్పింది? కన్నబిడ్డని కూడా ఎందుకు దాచింది? అత్తకీ మొగుడికీ భయపడి కాదు. ఈ మాట నాలుగు నోళ్ళు తిరిగి ఒకడి చెవిన పడుతుందని. ఆ ఒక్కడే ఇవాళ డబ్బిచ్చి నిన్ను పెట్టుకున్నాడు. అతనికేం చెప్పావు నువ్వు?”

“నేను… ఆమె మొన్న రెండో శనివారం బస్సెక్కి వెళ్ళింది. ఒక ఆడపిల్లల హాస్టల్‌కి. ఎవరో అనాథ పిల్లకి సాయం చేస్తోందనుకున్నాను. పోయిన వారం లోపలికి వెళ్ళి వార్డెన్‌ని అడిగాను కూడా. ఆవిడేమీ చెప్పలేదు.”

“నువ్వు వచ్చి అడిగావని ఆ వార్డెన్ ఈ పిల్లకి చెప్పి ఉంటుంది. అందుకే నిన్న మాత్రలు కూడా మరిచిపోయి పరుగెత్తింది. రాత్రి బిడ్డ దగ్గరే ఉండిపోయింది.” గుబులమ్మ అతని చొక్కా పట్టుకుంది. “ఆ హాస్టల్ సంగతి వాడికి ఎప్పుడు చెప్పావు?”

డేగ నల్లద్దాలు జేబులో దోపుకున్నాడు. “పొద్దున్న. నేను ఆసుపత్రులు చూసుకుంటాను, మీరు అక్కడ ఒకసారి చూసి రండి అన్నాను.”

భర్త అప్పటికే చెప్పుల్లో కాళ్ళు దూర్చుతున్నాడు. గుబులమ్మ ఆగమని చెయ్యి చూపించి, డేగ ఫోనులోంచే హాస్టల్ నంబరు కలిపించింది. చాలాసేపు మోగింది. మనసులో ఆమెకి మామూలుగా వచ్చే ఊహలన్నీ వచ్చాయి. వచ్చిన ప్రతిదాన్నీ పక్కకి నెట్టింది.

“హలో, వార్డెన్‌ని. ఎవరు కావాలి?”

“అమ్మా, కడుపుతో ఉన్న అమ్మాయి ఒకతి నిన్న మీ దగ్గరికి వచ్చిందా?”

“మీరెవరు?”

“వాళ్ళత్తగారింటి నుంచి మాట్లాడుతున్నాం. పిల్ల క్షేమమేనా?”

వార్డెన్ గొంతు తేలికపడింది. “అమ్మయ్య! కంగారు పడకండి. రాత్రి నీరసంగా ఉందంటే ఇక్కడే పడుకోబెట్టాను. మీకు చెబుతానంటే వద్దంది. ఇంతకీ ఇందాకే వాళ్ళాయన వచ్చేశాడు కదా. మాట్లాడుకుంటామంటే నా ఆఫీసు గదిలో కూర్చోబెట్టాను.”

గుబులమ్మ పక్కన, చెవి ఫోనుకి ఆనించి, వాళ్ళాయన నిలబడి ఉన్నాడు.

“వాళ్ళాయన ఇక్కడున్నాడమ్మా!” అని అరిచింది గుబులమ్మ. “మీ గదిలో ఉన్నది ఎవరో కాదు, ఆమె ఎవరికి భయపడి దాక్కుందో అతనే. తలుపు తీయించండి. మనుషుల్ని పిలవండి!”

అవతల పరుగెత్తిన చప్పుడు. తలుపు బాదుతున్నారు. ఎవరో పోలీసుల్ని పిలవమంటున్నారు, ఎవరో తాళాలంటున్నారు. ఈ చివర అత్తగారు కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది. “అయిదు వారాలుంది కదా, ఇంకా అయిదు వారాలుంది కదా,” అంటోంది, ఆ మాట పట్టుకుంటే ఏ ఆపదా రాదన్నట్టు. ఫోను ఎవరి చేతుల్లోంచో ఎవరి చేతుల్లోకో మారింది. తర్వాత ఒక చిన్న గొంతు, ఎగశ్వాసతో వినపడింది.

“హలో? నేను కిటికీలోంచి చూశాను. మా అమ్మ కింద కూర్చుని గోడ పట్టుకుంది. గచ్చంతా నీళ్ళు. ఆయన తలుపు తియ్యట్లేదు.”